పాత తెరచాప పడవ: ఏం కనిపిస్తే ఎక్కడ వెతకాలి, ఎలా బాగుచేయాలి

ఎవరి పెరట్లోనో ట్రెయిలర్ మీద ఏళ్ల తరబడి ఎండకి ఎండి, వానకి తడిసిన చిన్న తెరచాప పడవలు అమెరికాలో చవగ్గా దొరుకుతాయి, ఒక్కోసారి తీసుకుపోతే చాలని ఊరికే ఇచ్చేస్తారు కూడా. మేం కొన్నది 1980ల నాటి కాటలీనా 22. డాలస్‌లో ఉంటాం, లూయిస్‌విల్ లేక్ దగ్గరే. 1970 ప్రాంతంలో మొదలైన ఈ మోడల్ 15,000కి పైగా తయారైంది కాబట్టి పాతవి ఎక్కడ చూసినా ఉంటాయి, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, వాటిలో వచ్చే రోగాలు కూడా ఇంచుమించు ఒకటే. ఇరవై ఒకటిన్నర అడుగుల పొడవు, ఫైబర్‌గ్లాస్ పడవ, అడుగున దించి లేపుకునే ఇనుప కీల్, అంటే పడవ ఒరిగిపోకుండా కింద వేలాడే బరువైన రెక్క. మీది వేరే కంపెనీదైనా ఈ సైజు, ఈ వయసు ఉంటే ఇక్కడ రాసేవాటిలో చాలావరకు పనికొస్తాయి.

నాతో పాటు పనిచేసింది మా మావయ్యగారు. కాకినాడలో బోటు ఇంజన్ల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, అమ్మాయి దగ్గర కొన్నాళ్లు ఉందామని వచ్చారు. పడవని చుట్టూ ఒకసారి చూసి ఆయన చెప్పింది ఒకటే: "రంగు ఆఖర్ని వేసుకోవచ్చు బాబూ, ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో కనిపెట్టండి." ఈ మొత్తం పనికి అదే సరైన వరస. ఇంకో సంగతి, పాత పడవ మీద చేసే పరీక్షల్లో సగానికి పైగా ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చ్ పట్టుకుని, ఒకరు బయట గొట్టం పట్టుకుని. ఒక్కడే లోపలికీ బయటికీ ఎక్కి దిగుతూ ఉంటే కారే చోటు ఎప్పటికీ దొరకదు. మీకు తోడు లేకపోతే ముందు ఒక మనిషిని చూసుకోండి, పనిముట్లు తర్వాత కొనుక్కోవచ్చు.

లోపల అడుగున నీళ్లు నిలుస్తున్నాయి, ఎక్కడినుంచో తెలీదు

ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. పడవ ట్రెయిలర్ మీద ఉన్నప్పుడు కూడా నీళ్లు చేరుతుంటే అది పైనుంచి వచ్చే వాన నీరు. చెరువులో ఉన్నప్పుడే చేరుతుంటే కిందినుంచి. పడవ అడుగుని పూర్తిగా తుడిచి ఆరబెట్టి, వాన పడేదాకా కదపకుండా ఉంచితే ఇది తేలిపోతుంది.

వాన నీరైతే దాదాపు ఎప్పుడూ బోల్టుల దగ్గరే. డెక్ మీద, అంటే పడవ పైతలం మీద బిగించిన ప్రతి వస్తువుకీ, తాళ్లు కట్టే క్లీట్లు, రెయిలింగ్ కాళ్లు, మాస్ట్ (తెరచాప స్తంభం) తీగలు పట్టుకునే పట్టీలు, వీటన్నిటికీ డెక్‌లో బెజ్జాలుంటాయి. ఆ బెజ్జం చుట్టూ ఉన్న సీలెంట్ ఇరవై ముప్పై ఏళ్లకి ఎండి బీటలు వారుతుంది. చిక్కేమిటంటే నీరు బెజ్జం దగ్గర దిగి, లోపలి ప్యానెల్ వెనకగా పాకుతూ ఆరడుగుల అవతల ఎక్కడో బయటపడుతుంది. నీళ్లు కనిపించిన చోట సీలెంట్ పూయడం శుద్ధ దండగ.

కారే చోటు పట్టుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది మామూలు నీళ్ల గొట్టం. బయట ఉన్నవాళ్లు కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, ఒక్కో వస్తువు మీద సన్నగా పదేసి నిమిషాలు నీళ్లు వదలాలి. లోపల ఉన్నవాళ్లు ఆ బోల్టుల చుట్టూ టాల్కం పౌడర్ చల్లి టార్చ్ వేసి చూస్తూ ఉండాలి. చెమ్మ తగలగానే పౌడర్ మీద గీత పడుతుంది, ఆ గీత వెంట పైకి వెళ్తే మూలం దొరుకుతుంది. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీద నుంచీ జారతాయి కాబట్టి ఏది కారుతోందో చెప్పలేం.

రెండోది నాకు ఇంకా నచ్చింది. గాలి వెళ్లే రంధ్రాలన్నీ టేపుతో మూసేసి, లోపలికి దిగే తలుపు చోట అట్టముక్క బిగించి, దానికో కన్నం పెట్టి అందులోంచి ఆకులు ఊడ్చే బ్లోయర్‌తో లోపలికి గాలి కొట్టాలి. ఎక్కువ కాదు, బ్లోయర్ తక్కువ స్పీడులో చాలు. రెండో మనిషి బయట సబ్బు నీళ్లు స్ప్రే చేసుకుంటూ తిరిగితే ఎక్కడ సందు ఉందో అక్కడ బుడగలు పొంగుతాయి. చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుంటూ పోవడమే. కిటికీ మూలలో బుడగలు వరసగా లేస్తుంటే మావయ్యగారు "ఇదిగో ఇక్కడండీ, ఇదిగో ఇంకోటి" అంటూ చాక్‌పీసు పెట్టుకుని పడవ చుట్టూ తిరిగేశారు. ఆఖరికి గుర్తు లేని క్లీట్ మాకు ఒక్కటీ మిగల్లేదు.

బాగుచేసే పద్ధతి ఇది. బోల్టు మొత్తం విప్పి వస్తువుని పైకి తీయాలి. చుట్టూ పైపైన సీలెంట్ పూస్తే నిలవదు. పాతది పూర్తిగా గీకేయాలి. తర్వాత ఆ బెజ్జాన్ని కాస్త పెద్ద బిట్టుతో వెడల్పు చేసి, కింద టేపు అంటించి, అందులో చిక్కబరిచిన ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) నింపాలి. పుల్లతో తీస్తే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. గట్టిపడ్డాక దాని మధ్యలోంచి మళ్లీ సరైన సైజు బెజ్జం వేయాలి. ఇప్పుడు ఎప్పుడైనా సీలెంట్ పోయినా నీరు డెక్ లోపలి చెక్కకి తగలదు, మధ్యలో ఎపాక్సీ గోడ ఉంటుంది. బెజ్జం పై అంచుని కౌంటర్‌సింక్ బిట్టుతో కొంచెం వాలుగా చేస్తే సీలెంట్ అక్కడ రింగులా కూర్చుంటుంది.

ఏ సీలెంట్ అన్నదాని మీద నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. విప్పాల్సి వచ్చే వస్తువులకి బ్యూటిల్ టేపు, అంటే రబ్బరు ముద్దలా సాగే జిగురు టేపు. చవక, చేతికి అంటినా పోతుంది, ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది. బిగించేటప్పుడు పైన బోల్టు తలని ఒకరు స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకోవాలి, కింద నట్టుని ఇంకొకరు తిప్పాలి. బోల్టే తిరిగితే టేపు చిరిగిపోయి మళ్లీ కారుతుంది. ఒకేసారి బలంకొద్దీ బిగించకండి. కాస్త బిగించి, మర్నాడు మళ్లీ కాస్త, అలా టేపు అంచుల్లోంచి పొంగడం ఆగేదాకా. 3ఎం 5200 లాంటి గట్టి జిగురు సీలెంట్లు శాశ్వతంగా అతికించేవాటికే, వాటితో క్లీట్ బిగిస్తే తర్వాత విప్పేటప్పుడు డెక్ పొర కూడా లేచొస్తుంది. బాత్‌రూమ్ సిలికాన్ మాత్రం అస్సలు వద్దు. అది ఊడిపోయాక కూడా కంటికి కనిపించని పొర ఒకటి వదిలిపెడుతుంది, దాని మీద ఇంకేదీ అంటదు. మా పడవలో పాత ఓనర్ కిటికీల చుట్టూ సిలికాన్ పూసి ఉంచాడు, దాన్ని వదిలించడానికి పట్టిన టైమ్ కిటికీలు బిగించడానికి పట్టలేదు. కిటికీలు ఆక్రిలిక్ అయితే అసిటోన్ గానీ, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ గానీ తగలనివ్వకండి, సన్న సన్న పగుళ్లతో మసకబారిపోతాయి.

నీరు కిందినుంచి వస్తుంటే మూడు చోట్లు చూడాలి. సింక్ నీళ్లు బయటికి పోయే గొట్టం, దాని వాల్వ్. బయట కూర్చునే చోట వాన నీళ్లు పోయే గొట్టాలు. మూడోది, ఈ మోడల్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది, కీల్ కేబుల్ లోపలికి వచ్చే గొట్టం. మెట్టు తీసి చూస్తే వించ్ (కీల్ కేబుల్ చుట్టే చేతి యంత్రం) కింద పొట్టి రబ్బరు గొట్టం ఒకటి, దానికి రెండు క్లాంపులు కనిపిస్తాయి. దాని అవతలంతా చెరువే. ఆ రబ్బరు వేళ్లతో నొక్కితే గట్టిగా ఉన్నా, బీటలు కనిపించినా, క్లాంపుకి తుప్పు పట్టినా ఆలోచించకండి, మార్చేయండి. వాల్వుల్లో గుండ్రటి హ్యాండిల్ తిప్పే ఇత్తడి గేట్ వాల్వ్ ఉంటే అదీ తీసేసి, పావు వంతు తిప్పితే మూసుకునే సీకాక్ అనే పడవ వాల్వ్ పెట్టండి. పాత గేట్ వాల్వ్ మూసుకుందో లేదో బయటికి తెలీదు. ప్రతి వాల్వ్ పక్కన దాని సైజు చెక్క బిరడా ఒకటి దారంతో కట్టి ఉంచండి.

డెక్ మీద నడుస్తుంటే ఒకచోట మెత్తగా దిగుతోంది

ఫైబర్‌గ్లాస్ కుళ్లదు. కుళ్లేది దాని మధ్యలో ఉండే చెక్క. డెక్ అంటే పైన ఒక ఫైబర్ పొర, కింద ఒక పొర, మధ్యలో ప్లైవుడ్, కొన్ని కంపెనీల్లో బాల్సా అనే తేలికైన చెక్క. పైన చెప్పిన బెజ్జాల్లోంచి దిగిన నీరు ఈ చెక్కలో చేరి ఏళ్ల తరబడి బయటికి రాలేక నిలిచిపోతే, చెక్క పుచ్చిపోతుంది.

ప్లాస్టిక్ సుత్తి గానీ స్క్రూడ్రైవర్ పిడి గానీ తీసుకుని రెండంగుళాలకోసారి కొట్టుకుంటూ పోవాలి. బాగున్నచోట ఖంగుమంటుంది, పుచ్చినచోట దబ్‌మంటుంది. రెండిటికీ తేడా మొదట్లో తెలియకపోయినా కొంతసేపటికి చెవికి అలవాటైపోతుంది. మావయ్యగారి చెవి దీనికి భలే పనికొచ్చింది, ఆయన కళ్లు మూసుకుని వింటూ "ఇక్కడిదాకా బాగుంది, ఇక్కణ్ణుంచి తాగేసిందండి బాబూ" అంటుంటే నేను పెన్సిల్‌తో గీత గీశాను. తర్వాత లోపలి నుంచి చిన్న బెజ్జం వేసి చూస్తే డ్రిల్ బిట్టుకి నల్లటి తడి చెక్కపొడి అంటుకుని వచ్చింది. పొడి తెల్లగా, ఎండి రాలితే భయం లేదు. నల్లగా ముద్దగా వస్తే ఆ భాగం అయిపోయినట్టే.

రెండు మూడంగుళాల మేరే పోతే బెజ్జంలోంచి వంచిన మేకుని డ్రిల్‌కి తగిలించి లోపల తిప్పి, పుచ్చిన చెక్కని తవ్వి తీసి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీ నింపొచ్చు. అడుగు మేర పోతే మొహమాటపడకుండా పై పొర కోయాల్సిందే. కోసిన ముక్కని దాచుకోండి, కొత్త మెరైన్ ప్లైవుడ్ ఎపాక్సీతో అతికించాక అదే ముక్కని పైన పెట్టి, అంచులు వాలుగా సానబట్టి, ఫైబర్ గుడ్డతో కలిపేయొచ్చు. సన్నటి ఎపాక్సీని సిరంజితో ఎక్కించి పుచ్చిన చెక్కని గట్టిపరచొచ్చని కొందరు చెబుతారు. తడి చెక్కలోకి ఎపాక్సీ వెళ్లదు, పై పొర మాత్రం గట్టిపడి లోపల కుళ్లడం సాగుతూనే ఉంటుంది. నేను ఆ పని చేయను, చేయమని చెప్పను.

టెక్సాస్ ఎండలో ఎపాక్సీ కలిపితే డబ్బాలోనే పొగలు కక్కుతూ గట్టిపడిపోతుంది. నిదానంగా ఆరే హార్డెనర్ వాడండి, కొంచెం కొంచెంగా కలపండి, కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పోసేయండి. ఒకరు కలిపి అందిస్తుంటే ఇంకొకరు పూయడం ఉత్తమం. ఆరాక పైన జిడ్డు పొర వస్తే దాన్ని నీళ్లతో, గరుకు స్పాంజితో కడగాలి, అసిటోన్‌తో పోదు. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి మొదలైతే జీవితాంతం ఉంటుంది. సానబట్టేటప్పుడు మామూలు గుడ్డ మాస్కు సరిపోదు, సన్నటి ధూళిని ఆపే పీ100 రెస్పిరేటర్ పెట్టుకోండి.

పడవ పైపొర వెలిసిపోయింది, రుద్దితే తెల్లపొడి చేతికి అంటుతోంది

ఇది జెల్‌కోట్, అంటే ఫైబర్ పైనుండే మెరిసే రంగు పొర, ఎండకి ఆక్సీకరణ చెందడం. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ అన్నిటిలోకి తేలికైన సమస్య. తడి గుడ్డతో తుడిచి చూడండి. తడిగా ఉన్నంతసేపూ పాత రంగు, మెరుపు వస్తున్నాయంటే పాలిష్‌తో తేరుకుంటుంది. తడిపినా మొండిగా వెలవెలబోతూనే ఉంటే ముందు నీటి సాన పట్టాలి, 800 నంబరు గరుకు కాగితం తర్వాత 1000 నంబరుది, ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్, చివర వ్యాక్స్. జెల్‌కోట్ మందం అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది, అంచుల దగ్గర ఇంకా తక్కువ. మెషీన్‌ని తక్కువ స్పీడులో, ఆపకుండా కదుపుతూ వాడాలి, అంచులు చేత్తోనే. నడిచే చోట వ్యాక్స్ పూయకండి, కాలు జారి నీళ్లలో పడతారు.

నీటిగీత దగ్గర పసుపు, గోధుమ రంగు మరకలు, బోల్టుల కింద తుప్పు చారలు కాంపౌండ్‌తో ఎంత తోమినా పోవు. వాటికి ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న క్లీనర్ కావాలి. పూసి, కొన్ని నిమిషాలు ఆగి, కడిగేస్తే కళ్లముందే కరిగిపోతాయి. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. దాన్ని బ్లీచ్‌తో ఎట్టిపరిస్థితుల్లోనూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఇద్దరు చెరో బకెట్ పట్టుకుని పనిచేసేటప్పుడు ఎవరి బకెట్‌లో ఏముందో రాసి అంటించుకోవాలి. అది వ్యాక్స్‌ని కూడా తీసేస్తుంది కాబట్టి మరకలు ముందు, వ్యాక్స్ తర్వాత.

అడుగున పాత నీలం, ఎరుపు రంగు పెచ్చులు ఊడుతుంటే అది పాచి పట్టకుండా వేసిన రాగి పెయింటు. పొడి సాన అస్సలు వద్దు. తడిపి గీకండి, కింద టార్పాలిన్ పరిచి రాలినదంతా ఎత్తేయండి.

లోపలికి తల పెడితే ముక్క వాసన

కారడం ఆపకముందు వాసన పోగొట్టాలని చూడటం దండగ. ఆపాక, పరుపులన్నీ బయటపడేయండి. లోపలి గోడలకి కార్పెట్ అంటించి ఉంటే పీకేయండి, బూజు సగం అందులోనే ఉంటుంది. గోడలు వెనిగర్ నీళ్లతో తుడిచి, అన్ని మూతలూ తెరిచి, ఫ్యాన్ పెట్టండి. పరుపుల్లో ఫోమ్‌ని బాగుచేసే మార్గం నాకు కనిపించలేదు, కవర్లు ఉతుక్కుని ఫోమ్ కొత్తది కొనుక్కోవడమే మేలు.

కీల్ దగ్గర టకటకమని చప్పుడు, దించుతుంటే పట్టేస్తోంది, తుప్పు పెచ్చులు

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి. ఈ పడవ కింద వేలాడే కీల్ దాదాపు 550 పౌండ్ల పోత ఇనుము. అంగుళం మందం పిన్ను ఒకటి, వెనక ఒక స్టెయిన్‌లెస్ కేబుల్, ఈ రెండే దాన్ని పట్టుకుని ఉంటాయి. ట్రెయిలర్ మీద ఉండగా కీల్ కింద చెక్క దిమ్మలు గట్టిగా పెట్టకుండా చెయ్యి, కాలు, తల, ఏదీ కిందికి పోనివ్వకండి. వించ్ మీద నమ్మకంతో కేబుల్ విప్పేవాళ్లని చూశాను, ఒళ్లు జలదరిస్తుంది.

నీళ్లలో లంగరు వేసి ఉన్నప్పుడు అలలకి కింద టక్ టక్ మని కొడుతుంటే, పిన్ను పక్కల్లో ఖాళీ పెరిగి కీల్ అటూ ఇటూ ఊగుతోందని అర్థం. దీన్ని చూడటానికి కీల్ కొస దగ్గర ఒకరు పక్కకి ఊపాలి, రెండోవాళ్లు పిన్ను దగ్గర టార్చ్ వేసి చూడాలి. కొంచెం కదలిక సహజమే. పక్కల్లో ఖాళీ ఉంటే సన్నటి వాషర్లు పెట్టి సర్దొచ్చు. పిన్నే అరిగి, బెజ్జం కోడిగుడ్డు ఆకారంలోకి మారితే కీల్ దించి బెజ్జంలో బుష్ (లోహపు తొడుగు) వేయించాలి, కొత్త పిన్ను పెట్టాలి. ఆ పని లేత్ ఉన్న షాపులో చేయించుకోండి.

కేబుల్ సంగతికి వస్తే, దాని వయసు మీకు తెలియకపోతే మార్చేయడమే. తీగలో ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకొచ్చినా, కీల్ దగ్గరి కొస తుప్పు రంగుకి తిరిగినా అది ఆఖరి దశ. తెగిన కేబుల్ ఒక్కసారిగా కీల్‌ని వదిలేస్తే అది కిందికి ఊగి పడవ అడుగునే పగలగొట్టగలదు. గాలి బాగా ఉన్నప్పుడు పడవ వేగం అందుకోగానే కింద నుంచి జుమ్మని మోత వస్తే మాత్రం కంగారు వద్దు. నీటి ప్రవాహానికి కేబుల్ కంపిస్తోందంతే, కాటలీనా 22 ఉన్నవాళ్లందరికీ తెలిసిన మోతే.

తుప్పు పెచ్చులకి వైర్ బ్రష్, గ్రైండర్ పట్టి మెరిసే లోహం కనిపించేదాకా వెళ్లాలి. ఆ మెరుపు గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది, అందుకని గ్రైండింగ్ అయిన వెంటనే ఎపాక్సీ ప్రైమర్ మొదటి పూత పడిపోవాలి. నేను గ్రైండ్ చేసుకుంటూ ముందుకు జరుగుతుంటే మావయ్యగారు వెనకాలే పూసుకుంటూ వచ్చారు. ఒక్కరే చేసేవాళ్లయితే సగం కీల్ ఒకరోజు, మిగతా సగం ఇంకోరోజు పెట్టుకోండి.

మాస్ట్, దాన్ని పట్టుకునే తీగలు

తీగల వెంట చేత్తో తడమకండి. దూది గానీ టిష్యూ గానీ చుట్టి పైనుంచి కిందిదాకా లాగండి. దూది పోగు ఎక్కడ పట్టుకుందో అక్కడ తీగలో పోగు తెగింది. ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాల్సిందే. తీగ కొసలు దూరే లోహపు తొడుగుల మీద సన్నటి నిలువు పగుళ్లు వస్తాయి, వాటిని భూతద్దంతో చూడాలి, ఎక్కువగా కింది కొసల్లోనే వస్తాయి, వాన నీరు దిగి నిలిచేది అక్కడే కాబట్టి. పైకి బాగా కనిపిస్తున్నా వయసు తెలియని తీగలన్నీ ఒకేసారి మార్చడం నా సలహా. ఈ సైజు పడవకి మరీ పెద్ద ఖర్చు కాదు, మాస్ట్ కూలితే అయ్యే ఖర్చు ముందు అసలు లెక్కే కాదు.

మాస్ట్ లేపేటప్పుడు ముందుగా తల ఎత్తి చూడండి. పాతికడుగుల అల్యూమినియం గొట్టం అది. కరెంటు తీగ తగిలితే పట్టుకున్నవాళ్లు బతకరు, లేక్ దగ్గర పార్కింగ్ చోట్లలో కూడా తీగలు వెళ్తుంటాయి. మాస్ట్ నిలబెట్టాక ట్రెయిలర్ కదిపే దారంతా కూడా చూసుకోవాలి. లేపడానికి ఇద్దరు చాలు, కానీ ఎవరు ఏం చేయాలో లేపకముందే మాట్లాడుకోండి. ఒకరు వెనక నుంచి భుజంతో ఎత్తాలి, ఒకరు ముందు నుంచి తాడు లాగాలి, పక్క తీగలు ఎక్కడా చిక్కుకోలేదని చూసుకుంటూ. ముందు తీగ పిన్ను పడి స్ప్లిట్ పిన్ను కూడా దూర్చేదాకా వెనకాయన వదలకూడదు.

స్టెయిన్‌లెస్ స్క్రూలు అల్యూమినియంలో పట్టేసి రాకపోతే, చుట్టూ తెల్లపొడి కనిపిస్తే అది రెండు లోహాల మధ్య జరిగే తినివేత. పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి, హీట్ గన్‌తో వేడి చేయండి, తర్వాత సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. బలవంతంగా తిప్పితే స్క్రూ తల అరిగిపోయి పని రెట్టింపవుతుంది. మళ్లీ బిగించేటప్పుడు టెఫ్-జెల్ అనే తినివేత ఆపే పేస్టు రాస్తే ఇంకోసారి ఈ బాధ ఉండదు.

తెరచాపలు

మరకలు చూసి పారేయకండి, తెల్లగా ఉన్నాయని నమ్మనూవద్దు. కుట్టు చూడండి. గోరుతో కుట్టు మీద గట్టిగా గీరితే దారం తెగుతోందంటే ఎండకి దారం చివికిపోయింది, గుడ్డ ఇంకా బాగుండొచ్చు. సెయిల్ కుట్టేవాళ్లకి ఇస్తే మొత్తం మళ్లీ కుట్టిస్తారు. గుడ్డే చేత్తో చిరుగుతుంటే ఇక చేసేదేం లేదు. ఉతకడానికి వాషింగ్ మెషీన్ వద్దు, గోరువెచ్చని నీళ్లు, గాఢత లేని సబ్బు, మెత్తటి బ్రష్, గడ్డి మీద పరిచి. పూర్తిగా ఆరకుండా మడతపెడితే బూజు మళ్లీ వస్తుంది.

లైట్లు వెలగట్లేదు లేదా గుడ్డిగా వెలుగుతున్నాయి

ముందు బ్యాటరీ. ఏమీ వాడకుండా కాసేపు ఉంచి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులుండాలి, 12.2 అంటే సగం ఖాళీ. బ్యాటరీ బాగుంటే స్విచ్ వేసి లైటు దగ్గరే వోల్టేజ్ కొలవండి. అక్కడ బాగా తగ్గితే దారిలో ఏదో జాయింట్‌కి చిలుము పట్టింది, తొంభై శాతం అది మాస్ట్ కింద డెక్ మీదుండే ప్లగ్‌లోనే. వైరు కోసి చూస్తే రాగి నల్లబడి ఉంటే మెరిసే చోటిదాకా వెనక్కి కోయాలి, లేదంటే తగరం పూత ఉన్న కొత్త మెరైన్ వైరు లాగాలి. బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజ్ లేకపోతే మిగతా పనులన్నీ ఆపి అది పెట్టండి.

ఔట్‌బోర్డ్ ఇంజన్ (పడవ వెనక బయట తగిలించేది)

ఇది పూర్తిగా మావయ్యగారి రాజ్యం, నేను పానాలు అందించడమే. స్టార్ట్ అయి ఆగిపోతుంటే పాత పెట్రోలు. ఇక్కడి పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, అది గాల్లో చెమ్మని పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవుంటే నీరు విడిపోయి అడుగున చేరుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ గిన్నె విప్పి, జెట్ బెజ్జాలు సన్నటి తీగతో శుభ్రం చేశారు. స్పార్క్ ప్లగ్గులు మార్చారు. అంతే, పలికింది.

ఇంజన్ నడుస్తున్నప్పుడు వెనక సన్నటి నీటిధార రాకపోతే వెంటనే ఆపేయాలి. ముందు ఆ ధార వచ్చే కన్నంలో చెత్త ఉందేమో తీగతో చూడండి, లేకపోతే నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ అరిగిపోయింది. ఏళ్ల తరబడి వాడని ఇంజన్ అయితే చూడకుండానే కొత్త ఇంపెల్లర్ వేసేయొచ్చు. నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు నడిపినా కొత్తది కూడా పాడవొచ్చు. పెద్ద డ్రమ్ములో నీళ్లు పోసి అందులో దించి స్టార్ట్ చేయండి. కింది గేరు ఆయిల్ స్క్రూ విప్పి చూసినప్పుడు ఆయిల్ తెల్లగా చిక్కబడి ఉంటే సీలులోంచి నీళ్లు దిగాయి, సీలు మార్చకుండా చెరువుకి తీసుకెళ్లొద్దు.

ట్రెయిలర్, మొదటిసారి నీళ్లలోకి

పడవ మీద అంత కష్టపడి ట్రెయిలర్‌ని వదిలేస్తే హైవే మీద టైరు పేలుతుంది. టైరు గోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు చివరి నాలుగంకెలు చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాడులు ఎంత కొత్తగా ఉన్నా ఆరేడేళ్లు దాటితే మార్చండి. చక్రం జాకీతో లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కదలకూడదు, తిప్పితే గరగర అనకూడదు. లేదంటే బేరింగ్, గ్రీజు పని ఉంది. లేక్‌కి చేరాక చక్రం మధ్యలోని హబ్ వేడి తగ్గేదాకా ఆగి అప్పుడు నీళ్లలోకి దించండి, వేడి మీద ముంచితే చల్లబడుతూ లోపలికి నీళ్లు పీల్చుకుంటుంది.

టెక్సాస్‌లో 14 అడుగులు, ఆ పైన ఉన్న తెరచాప పడవకి రిజిస్ట్రేషన్ కావాలి. పడవ వెనక కుడివైపు పైన 12 అక్షరాల హల్ నంబరు ఉంటుంది, కొనేముందు కాగితాల్లో ఉన్నది అదేనా అని చూసుకోండి.

ర్యాంప్ మీద ఒకరు కారు నడుపుతుంటే ఇంకొకరు పడవ లోపలే ఉండాలి, టార్చ్‌తో, అడుగు పలకలన్నీ తీసేసి. పడవ తేలగానే ముందున్న పట్టీ విప్పకండి. కీల్ కేబుల్ గొట్టం, వాల్వులు, కొత్తగా సీల్ చేసిన ప్రతి బోల్టూ పొడి టిష్యూతో తుడిచి చూడాలి. చుక్క కనిపిస్తే అక్కణ్ణుంచే మళ్లీ ట్రెయిలర్ మీదకి లాగేయొచ్చు. మావయ్యగారు లోపల్నుంచి "కేబుల్ దగ్గర పొడిగానే ఉంది, సింకు దగ్గర చెమ్మండీ" అని కేకేస్తే వెనక్కి లాగి క్లాంపు ఇంకో చుట్టు బిగించి మళ్లీ దించాం. వెనకాల ఎవరైనా తొందరపెట్టినా ఈ పని మానొద్దు, మరీ రద్దీగా ఉంటే వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి.

తిరిగొచ్చేటప్పుడు పడవ అడుగులో, ఇంజన్‌లో, బకెట్లలో ఉన్న నీళ్లన్నీ ర్యాంప్ దగ్గరే పారబోయాలి. 2009లో లేక్ టెక్సోమాలో బయటపడిన జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఇలా పడవల్లోని నీళ్లతోనే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకుతున్నాయి, అందుకే 2014 నుంచి టెక్సాస్ అంతటా ఇది చట్టం. ఇంటికొచ్చాక అడుగు పలకలు, వాల్వులు, మూతలు అన్నీ తెరిచి వారమైనా ఆరనివ్వండి. కొత్తగా ఎక్కడైనా కారుతుంటే అది కూడా అప్పుడే తెలుస్తుంది.